జర్మనీకి పోయే ముందర ఫోన్ సంగతి ఇంటికాడే తేల్చుకోమే

అమ్మీ,

నిన్న ఫోన్లో నువ్వు చెప్పినప్పటి నించీ నాకు ఇదే ఆలోచన. పాప పురుడుకని మూడు నెల్లు జర్మనీకి పోతా ఉండారు, టికెట్లు అయిపోయినాయి, వీసా వచ్చేసింది, కారప్పొడి, ఊరగాయ, ఒడియాలు, అన్నీ లెక్క రాసుకున్నావు, బాగుండాది. ఫోన్ సంగతి ఏం చేసినావు అంటే మాత్రం "ఆ దాందేముందిలే అక్కా, అక్కడికి పోయినాక పాప చూసుకుంటుంది" అన్నావు చూడు, అక్కడే నాకు గుండె గుభేల్ మన్నాది. పాప చూసుకునేది మీరు ఆ ఊరు చేరినాక గదా, దుడ్లు పోయేది మాత్రం దారిలోనే మే. ఫోన్లో చెప్తే నువ్వు సగం వింటావు, సగం స్టవ్ మీద పాల కాడికి పోతావు, అందుకని ఇదంతా కూర్చోని టైప్ చేస్తా ఉండా, మరిదికి కూడా చదివి వినిపించు.

2019లో మేము మొదటిసారి లండన్ పోయినాము గదా పిల్లోడి దగ్గరికి, అప్పుడు జరిగింది నీకు పూర్తిగా చెప్పలేదు. మీ బావది పోస్ట్‌పెయిడ్ సిమ్ము. బ్యాంకు ఓటీపీలు రావాలని పోయే ముందర కస్టమర్ కేర్‌కి ఫోన్ చేసి ఇంటర్నేషనల్ రోమింగ్, అంటే మన సిమ్ము బయటి దేశంలో కూడా పనిచేసేట్టు, ఆన్ చేయించుకున్నాడు, అంతే, ప్యాక్ అని ఒకటి విడిగా వేయించుకోవాల అని మాకు ఎవురూ చెప్పలేదు, మేమూ అడగలేదు. చెన్నై నించి దుబాయ్, అక్కడ మూడు గంటలు కూర్చుని మళ్లీ ఇంకో విమానం. దుబాయ్‌లో దిగినాక టైం చూద్దామని ఆయన ఫోన్ తీసి ఏరోప్లేన్ మోడ్ తీసేసినాడు. టింగు టింగుమని మెసేజీలు. అందులో ఒకటి ఈ దేశంలో కాల్‌కి ఇంత, డేటాకి ఇంత అని రేట్లు రాసుండే మెసేజి, మేము అది అడ్వర్టైజ్‌మెంట్ అనుకున్నాము. ఫోన్ జేబులో పెట్టుకుని మేము వెంట తీసకపోయిన పులిహోర తింటా కూర్చున్నాము. ఒక్క ఫోన్ చెయ్యలేదు, ఒక్క వీడియో చూడలేదు.

ఆ ముందు వారమే చిన్నాయన మనవరాలి పెండ్లి అయింది గదా తిరుచానూరులో, ఆ ఫోటోలన్నీ ఆయన ఫోన్లోనే ఉండినాయి. ఫోన్ దానికదే వాటిని గూగుల్ ఫోటోస్‌లోకి ఎక్కిస్తా పోయింది. లండన్‌లో ఉండంగా బిల్లు వచ్చింది ఈమెయిల్‌కి. 42 ఎంబీ అని ఉండాది. ఒక ఎంబీకి 550 రూపాయల లెక్కన 23,100, దాని మీద 18 శాతం జీఎస్టీ, మొత్తం 27,258 రూపాయలు. 42 ఎంబీ అంటే ఎంతో తెలుసా, మంచి కెమెరాతో తీసిన ఫోటోలు పన్నెండు, అంతే. పోస్ట్‌పెయిడ్‌కి ఏదో లిమిట్ ఉండబట్టి అక్కడ ఆగింది గానీ లేకుంటే పెండ్లంతా ఎక్కించేసి ఉండును. కస్టమర్ కేర్‌కి చేస్తే "రేట్లు మెసేజిలో పంపినాము గదా మేడమ్" అన్నారు, నిజమే, పంపినారు. మీ బావ ఆ రాత్రి అన్నం తిన్లేదు. మనవడిని చూసుకోవాల్సిన ఆయన రెండు దినాలు కిటికీ కాడ కూర్చున్నాడు. నాకు ఆ దుడ్ల కంటే అదే జాస్తి బాధ అనిపించింది, అందుకే నీకు ఇంత గట్టిగా చెప్తా ఉండా.

ఎందుకు అంత అవుతుంది అని నేను తర్వాత పిల్లోడిని కూర్చోబెట్టి అడిగినా. మన కంపెనీకి అక్కడ టవర్లు ఉండవు, ఆ దేశంలో ఇంకో కంపెనీ టవర్ని మనం వాడుకుంటాము, ఆ కంపెనీ మన కంపెనీ దగ్గర వసూలు చేస్తుంది, మన కంపెనీ దాని మీద ఇంత వేసుకుని మన దగ్గర వసూలు చేస్తుంది. ఇంకోటి ఏమంటే, నువ్వు దుబాయ్‌లో కూర్చుని వాట్సాప్ తెరిస్తే ఆ డేటా చాలావరకు మన దేశంలో ఉండే కంపెనీ దాకా వచ్చి మళ్లా తిరిగి పోతుంది అంట. ఇక్కడ మనకి 2016 సెప్టెంబర్‌లో జియో వచ్చినాక డేటా అంటే కొళాయి నీళ్లు అయిపోయింది, దినానికి ఒకటిన్నర జీబీ, రెండు జీబీ, అయిపోతే రేపు మళ్లా వస్తుంది, ఎవురూ లెక్క చూసుకోరు. ఆ అలవాటుతోనే విమానం ఎక్కుతాము. అక్కడ చుక్క చుక్కకీ మీటర్.

సరే ఇంక నువ్వు చెయ్యాల్సింది చెప్తా.

మొదట ఏరోప్లేన్ మోడ్. చెన్నైలో విమానం తలుపు మూసే ముందర ఇద్దరూ పెట్టుకోండి, మీ విమానం కూడా దుబాయ్ మీదే గదా, అక్కడ దిగినా తియ్యొద్దండి. ఏరోప్లేన్ మోడ్‌లో ఉన్నా వైఫై మాత్రం విడిగా ఆన్ చేసుకోవచ్చు, ఇది చానామందికి తెలీదు. దుబాయ్ ఎయిర్‌పోర్ట్‌లో వైఫై ఫ్రీ. పాపకి "దిగినాము" అని మెసేజి పెట్టండి, వాయిస్ మెసేజి అయినా పోతుంది. వాట్సాప్‌లో కాల్ చెయ్యాలని చూడొద్దు, ఆ దేశంలో వాట్సాప్ కాల్స్ పోనీరు, కాల్ కలవలేదే అని భయపడి మామూలు ఫోన్ చేసేస్తారేమో అని ముందే చెప్తా ఉండా. విమానం లోపల కూడా కొన్నిట్లో మొబైల్ నెట్‌వర్క్ ఉంటుంది, అది శాటిలైట్ మీద నడిచేది, అన్నిటికంటే జాస్తి రేటు, చానా మామూలు ప్యాక్‌లు దానికి పనికిరావు. అందుకే గాల్లో ఉండేటప్పుడు కూడా ఏరోప్లేన్ మోడ్ తియ్యొద్దు అంటా ఉండా.

రెండోది, ఇంటికాడే సెట్టింగ్స్‌లోకి పోయి డేటా రోమింగ్ ఆఫ్ చెయ్యండి. ఇంటర్నేషనల్ రోమింగ్ వేరే, డేటా రోమింగ్ వేరే, మీ బావ కూడా అక్కడే పొరబడినాడు. మొదటిది కంపెనీ వాళ్లు ఆన్ చేసేది, అది ఉంటేనే మన ఇండియా నంబరుకి ఓటీపీలు వస్తాయి. రెండోది నీ ఫోన్లో నువ్వు ఆఫ్ చేసుకునేది. మొదటిది ఆన్‌లో, రెండోది ఆఫ్‌లో, ఇట్లా ఉంటే మెసేజీలు వస్తాయి, డేటా పోదు. మామూలుగా మెసేజి వచ్చేదానికి దుడ్లు పట్టరు, మనం పంపితే పడతాయి. కాల్ మాత్రం వచ్చేదానికి కూడా పడతాయి, ఎత్తితే నిమిషానికి ఇంత. లోన్ కావాలా మేడమ్ అని ఫోన్ చేసే వాళ్ల కాల్ ఎత్తినా నీ దుడ్లే. అందుకని మనోళ్లందరికీ ముందే చెప్పేసెయ్, వాట్సాప్‌లోనే చెయ్యండి అని. అత్తమ్మకి మాత్రం వాట్సాప్ రాదు గదా, ఆమెకి దినమూ సాయంత్రం నేను ఫోన్ చేసి మీ సంగతులు చెప్తాలే, దాని గురించి దిగులు పడొద్దు.

మూడు నెల్లు అంటే రోమింగ్ ప్యాక్‌లతో గడిపేది కాదు. పది దినాలు టూర్ పోయేవాళ్లకి ప్యాకో, ఈసిమ్మో (కార్డు లేకుండా ఫోన్లోనే ఎక్కించుకునే సిమ్ము) సరిపోతుంది, మీకు మాత్రం అక్కడి లోకల్ సిమ్మే కావాల. జర్మనీలో 2017 జూలై నించి ప్రీపెయిడ్ సిమ్ము కూడా పాస్‌పోర్ట్ చూపించి రిజిస్టర్ చేస్తే గానీ స్టార్ట్ కాదు, పోయిన మర్నాడే పాపతో పోయి ఆ పని చేయించుకోండి, ఇంట్లో వైఫై ఉంటుంది గాబట్టి ఒక దినం ఆలస్యం అయినా పర్లేదు. ఇద్దరికీ రెండు సిమ్ములు ఎందుకు అని మరిది అంటాడు, నాకు తెలుసు, ఒక్కటి చాలు అనొద్దు. తెలీని ఊరు, భాష రాదు, మీరిద్దరూ ట్రామ్‌లో తప్పిపోతే ఏం చేస్తారు.

మీ ఫోన్లలో రెండు సిమ్ములు పడతాయి గదా, మన సిమ్ము తియ్యొద్దు, రెండో దాంట్లో జర్మనీది వేసి డేటా దానికి పెట్టుకోండి. ఆటో డేటా స్విచింగ్ అని ఒకటి ఉంటుంది, ఒక సిమ్ములో సిగ్నల్ లేకుంటే దానికదే ఇంకో సిమ్ముకి దూకుతుంది, అది ఆఫ్‌లో ఉందా లేదా చూడండి. కొత్త సిమ్ము వేస్తే వాట్సాప్ నంబరు మార్చాలా అని అడుగుతుంది, వద్దు అని పాత నంబరే పెట్టుకోండి, మన గ్రూపులన్నీ అట్లానే ఉంటాయి. ఫోన్‌పే, గూగుల్‌పే అక్కడ ఉండేటప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చెయ్యొద్దు, మళ్లా వేసుకోవాలంటే మన సిమ్ము నించి మెసేజి పంపాల, అది కొన్నిసార్లు పోదు, పోతే దుడ్లు. మీవి ప్రీపెయిడ్‌లే గాబట్టి తిరిగొచ్చేదాకా వ్యాలిడిటీ ఉండేట్టు ముందే రీచార్జ్ చేయించండి. వ్యాలిడిటీ అయిపోతే మెసేజీలు ఆగిపోతాయి, బ్యాంకు ఓటీపీ రాదు, శ్రీవారి మూడు వందల టికెట్ బుక్ చెయ్యాలన్నా లాగిన్‌కి ఓటీపీ రాదు. నువ్వు వచ్చినాక బిడ్డ పేరు మీద కొండకి పోవాల అన్నావు గదా.

ఇప్పుడు ఒక ముఖ్యమైంది. పాప ఉండేది ఫ్రైబుర్గ్‌లో. అక్కడి నించి స్విట్జర్లాండ్ బాసెల్‌కి రైల్లో గంట కూడా పట్టదు, ఇంకో పక్క ఫ్రాన్స్. యూరోపియన్ యూనియన్‌లో 2017 జూన్ 15 నించి రోమింగ్ చార్జీలు తీసేసినారు, ఒక దేశం సిమ్ము ఇంకో దేశంలో ఇంట్లో వాడినట్టే వాడుకోవచ్చు, ఫ్రాన్స్‌కి పోయినా ఆస్ట్రియాకి పోయినా మీ జర్మనీ సిమ్ముకి భయం లేదు. స్విట్జర్లాండ్ మాత్రం ఆ యూనియన్‌లో లేదు. ఏదో ఒక ఆదివారం అల్లుడు మిమ్మల్ని బాసెల్‌కి తీసకపోతాడు, తీసకపోకుండా ఉంటాడా. ఆ దినం ఆ సిమ్ము ప్లాన్‌లో స్విట్జర్లాండ్ కూడా ఉందా అని అడుగు, లేకుంటే రైలు బయల్దేరినప్పుడే దాని డేటా రోమింగ్ కూడా ఆఫ్ చెయ్. బార్డర్ దగ్గర ఉండే ఊర్లలో ఫోన్ అవతలి టవర్ని పట్టుకుంటుంది, మనం అడుగు పెట్టకపోయినా. ఆ యూరోపు రూలు మన ఇండియా సిమ్ముకి వర్తించదు, అది కూడా గుర్తు పెట్టుకో, ఆ సిమ్ము డేటా ఎప్పుడూ ఆఫే.

పోయే దినానికి మటుకు మరిది ఫోన్‌కి ఒక చిన్న ప్యాక్ వేయించండి. విమానం లేట్ అయితే, పాప ఎయిర్‌పోర్ట్‌లో కనిపించకుంటే, అప్పుడు వైఫై వెతుక్కుంటా తిరగలేరు. వేయించే ముందర రెండు అడగాల, ఆ ప్యాక్ లిస్ట్‌లో జర్మనీతో పాటు యూఏఈ, అంటే దుబాయ్ ఉండే దేశం, కూడా ఉందా, కాలం లెక్క ఎప్పటి నించి మొదలు. కొన్ని వేసిన గంట నించే లెక్క, కొన్ని అక్కడ మొదటిసారి వాడినప్పటి నించి. జర్మనీ ఒక్కటే ఉండే ప్యాక్ అయితే దుబాయ్‌లో మళ్లీ మా కథే. ప్యాక్ ఉండే ఫోన్లో మాత్రం ఆ ఒక్క దినం, దిగినాక అవసరం పడితే ఏరోప్లేన్ మోడ్ తీసి డేటా రోమింగ్ ఆన్ చేసుకోండి, నీ ఫోన్లో వద్దు, నీకు కావాల్సి వస్తే ఆయన హాట్‌స్పాట్ వాడుకో. అది కూడా మెసేజీలకే. రీల్స్ తెరిచినావంటే చూస్తా ఉండంగానే ప్యాక్ ఖాళీ అయిపోతుంది.

ఇంటి వైఫైలో ఉండంగానే చేసి పెట్టుకోవాల్సినవి కొన్ని ఉండాయి. గూగుల్ ఫోటోస్‌లో బ్యాకప్ మొబైల్ డేటా మీద చెయ్యొద్దు అని పెట్టాల, రోమింగ్‌లో చెయ్యొద్దు అని ఇంకోటి ఉంటుంది, రెండూ. వాట్సాప్‌లో ఫోటోలు వీడియోలు దానికవే డౌన్‌లోడ్ కాకుండా పెట్టాల, మన బంధువుల గ్రూపులో పొద్దున్నే వచ్చే గుడ్‌మార్నింగ్ వీడియోలు నీకు తెలిసిందే గదా. యాప్ అప్‌డేట్లు వైఫైలో మాత్రమే. గూగుల్ మ్యాప్స్‌లో ఫ్రైబుర్గ్ మ్యాప్ ముందే డౌన్‌లోడ్ చేసుకోవచ్చు, ట్రాన్స్‌లేట్‌లో జర్మన్ భాష కూడా, అప్పుడు డేటా లేకుండానే పనిచేస్తాయి. ఇది నాకు 2023లో మళ్లీ పోయినప్పుడు బో ఉపయోగపడింది. నేను ఒక్కదాన్నే మందుల షాపుకి పోయి దారి తప్పినా, ఫోన్లో డేటా లేదు, అయినా ఆ నీలం చుక్క నేను యాడ ఉన్నానో చూపిస్తానే ఉండింది, దాన్ని పట్టుకుని ఇంటికి వచ్చేసినా. ఆ ప్రయాణానికి ఇద్దరికీ కలిపి రోమింగ్ బిల్లు సున్నా, మీ బావ మొదటి దినం నించే మనవడిని భుజాన వేసుకుని తిరిగినాడు.

ఇవన్నీ నువ్వొక్కదానివే చేసుకోవద్దు, ఏదన్నా ఒకటి మర్చిపోతే లాభం లేదు. ఆదివారం పొద్దున్నే చిత్తూరులో బస్సెక్కి ఇద్దరూ మా ఇంటికి రండి. రెండు ఫోన్లూ, చార్జర్లూ, టికెట్ ప్రింటూ తెచ్చుకో. నేను ఒక్కొక్కటీ పక్కన కూర్చుని చేయిస్తా. ఒక తెల్ల కాగితం మీద పాప జర్మనీ నంబరు ముందర 0049 తో, ఇంటి అడ్రసు, మా నంబరు 0091 తో రాసి రెండు కాపీలు తీయించి ఇద్దరి పాస్‌పోర్ట్‌లలో పెడతాము, ఫోన్ చచ్చిపోయినా ఎవురినన్నా అడిగి చేసుకోవచ్చు. మధ్యాహ్నానికి రాగి సంకటి, పల్లీ చట్నీ చేస్తా. సాయంత్రం గోవిందరాజుల స్వామి గుడికి పోయి, మిమ్మల్ని బస్సెక్కిస్తా.

మీ అక్క
తిరుపతి