రోహిణి కార్తెలోనే రైతు చేతికి డబ్బు

బిడ్డా, ఆశీస్సులు.

హైదరాబాద్‌లో మీ అపార్టుమెంటులోని ఇరవై కుటుంబాలు కలిసి మన కల్వకుర్తి వైపు ఒక రైతుకు పంటకు ముందే డబ్బిచ్చి, పండినదాన్ని పంచుకోవాలనుకుంటున్నారని నీ ఉత్తరంలో చదివి చాలా సంతోషించాను. జపాన్‌లో 1970ల నుంచే గృహిణులు, రైతులు కలిసి ‘తేకేయి’ పేరుతో ఈ పని నడిపారు. అమెరికాలో 1986లో మసాచుసెట్స్, న్యూహాంప్‌షైర్ రాష్ట్రాల్లోని రెండు పొలాలతో మొదలైంది. మన చల్క నేలల్లో ఇది నిలవాలంటే డబ్బు ఎంతన్నదానికంటే ఎప్పుడన్నది ముఖ్యం.

మృగశిర చినుకు పడేనాటికి విత్తనం ఇంట్లో ఉండాలి. ఆ వారం చేతిలో పైసలు లేని రైతు విత్తనాలు, ఎరువులు దుకాణంలో ఉద్దెరకు తెచ్చుకుంటాడు. ఉద్దెర ఇచ్చినవాడికే పంట తూచవలసి వస్తుంది గనుక ధర అడిగే నోరు అతనికి ఆనాడే పోతుంది. కాబట్టి మీ సొమ్ములో సగం రోహిణి కార్తెలోనే చేరాలి, మిగతా సగం శ్రావణంలో కలుపు కూలీకి అందాలి. పంట ఇంటికొచ్చాక ఇచ్చే డబ్బు మంచి బేరం కావచ్చు గానీ, అది రైతుకు ఆసరా కాదు.

నేను చేసిన తప్పు కూడా నీకు చెప్పాలి. నేనూ పదిహేను కుటుంబాలతో ఇలాంటి పనే నడిపాను, మొదటి ఏడు కూరగాయలతో మొదలుపెట్టాను. సాయంత్రం కోసిన తోటకూరను తడి గోనెపట్టాలో చుట్టి, తెల్లవారి తొలి బస్సుకు వేసేవాళ్ళం. ఆగస్టులో ఇరవై రోజులు వాన మొహం చూపలేదు, బోరు ఆగి ఆగి పోసింది, మూడు వారాలు వరుసగా ఇంటింటికీ పంపే సంచిలో బెండకాయలు, గోంగూర తప్ప మరేమీ లేవు. ఆ పదిహేను కుటుంబాల్లో ఆరు విడిపోయాయి. వాళ్ళను నేను తప్పుపట్టను, ఎందుకంటే పంట పోతే సంచి తగ్గుతుందని, ఇచ్చిన డబ్బు వాపసు రాదని నేను ముందుగా కాగితం మీద రాసి చూపలేదు. నువ్వు ఆ మాటనే అన్నిటికంటే పైన రాసి అందరి సంతకాలు తీసుకో. వడ్డీ, లాభం అన్న ఆశ మాత్రం ఎవరికీ చూపకు. అలా చూపితే అది డిపాజిట్ కింద లెక్కకు రావచ్చు, 2019 నాటి చట్టం నియంత్రణ లేని డిపాజిట్లను నిషేధించింది.

మొదటి ఏడు నిల్వ ఉండే పంటలే తీసుకోండి. జొన్నలో కంది సాళ్ళు వేయించితే జొన్నలు ముందు వస్తాయి, కంది పుష్యమాసం నాటికి చేతికొస్తుంది. పల్లీలు నూనె పట్టించుకోవచ్చు.

వీలైతే కౌలు రైతునే ఎంచుకో. పట్టా లేనందున 2018లో వచ్చిన రైతుబంధు సాయం కూడా అతనికి అందలేదు, బ్యాంకు అప్పు దొరకడమూ కష్టమే. కౌలు ఏడాదికేడాది నోటిమాట మీదనే సాగుతుంది కనుక, డబ్బు కట్టకముందే భూమి యజమానితోనూ ఒకసారి మాట్లాడు.

ఖర్చు లెక్క రైతు ఇంటి అరుగు మీద కూర్చుని రాయి. దుక్కి, విత్తనం, కోత, రవాణా అందరూ రాస్తారు. ఆ ఇంటి ఆడవాళ్ళ కూలి ఎవరూ రాయరు, అది తప్పక రాయి. వచ్చే ఆదివారం మీవాళ్ళలో ఇద్దరు ముగ్గురిని తీసుకొని రా, నోటుపుస్తకం తెచ్చుకో, ఆ లెక్క మొదటి పేజీ కలిసే రాద్దాం.