సీజన్‌కి మూడు వారాల ముందు ఇద్దరు అవుట్‌ఫీల్డర్లు లేకపోతే

చిరంజీవి మేనల్లుడికి,

మావయ్య ఆశీస్సులు. మీ హైస్కూల్ బేస్‌బాల్ జట్టు కోచ్‌గా నువ్వు పంపిన మెసేజ్ చూశాను. బేస్‌ల వెనక దూరపు మైదానం, అంటే అవుట్‌ఫీల్డ్ కాసే ముగ్గురిలో ఇద్దరికి దెబ్బలన్నావు. సెంటర్ ఫీల్డర్‌కి తొడ వెనక హామ్‌స్ట్రింగ్ చిరిగింది, డాక్టరు గ్రేడ్ 2, అంటే కండరం కొంత మేర చిరిగిందన్నారు. రైట్ ఫీల్డర్‌కి విసిరే చేతి భుజం నొప్పి. మొదటి మ్యాచ్‌కి ఇంకా మూడు వారాలే ఉంది. రెండో, మూడో బేస్‌ల మధ్య కాసే షార్ట్‌స్టాప్‌ని సెంటర్‌కి, సెకండ్ బేస్ అబ్బాయిని షార్ట్‌కి, బెంచ్ మీదున్న వాణ్ణి సెకండ్‌కి జరుపుదామనుకుంటున్నానని రాశావు. ఆ పని చెయ్యకు. ఒక్క సెంటర్‌ని నింపబోతే కదిలిపోయేది మూడు స్థానాలు. హైస్కూల్ ఆటలో షార్ట్‌స్టాప్ దగ్గరికి వచ్చే బంతులు మామూలుగా సెంటర్ ఫీల్డర్‌కి వచ్చేవాటికంటే ఎక్కువ. పైగా ఒకే బంతికి ఇద్దర్ని అవుట్ చేసే డబుల్ ప్లే తిప్పే జంట అలవాటు పడటానికి ఎంత కాలం పడుతుందో నీకు తెలుసు. బేస్‌ల దగ్గరి ఇన్‌ఫీల్డ్‌ని ముట్టుకోకుండా అవుట్‌ఫీల్డ్ లోపలే సర్దుకో. ఆరోగ్యంగా ఉన్న లెఫ్ట్ ఫీల్డర్ సెంటర్‌కి వస్తాడు. రెండు పక్కలకీ బెంచ్ నుంచి ఇద్దర్ని తయారుచెయ్యాలి. ఇదొక్కటే పని.

ఆ ఇద్దర్ని ఎవర్ని తీసుకోవాలన్నది పరుగు చూసి తేల్చకు. 60 గజాల పరుగులో ముందొచ్చినవాడు బంతి కింద ఆలస్యంగా చేరడం మామూలే. బ్యాటింగ్ ప్రాక్టీస్ జరుగుతున్నప్పుడు ఒక్కొక్కణ్ణి సెంటర్‌లో నిలబెట్టి 15 బంతులు చూడు. పట్టాడా వదిలేశాడా అని చూడొద్దు, బ్యాట్‌కి బంతి తగిలాక మొదటి అడుగు ఎటు పడిందో మాత్రం రాసుకో. కొత్తవాడు తెలియకుండానే ముందుకి ఒక అడుగు వేస్తాడు, తర్వాత బంతి తలమీదుగా పోతోందని గ్రహించి వెనక్కి తిరుగుతాడు. అప్పటికే రెండు మూడు గజాలు పోయాయి. అనుమానం ఉన్న ప్రతి బంతికీ మొదటి అడుగు వెనక్కి, అదీ పక్కకి తుంటి తిప్పి వేసే అడుగు. వెనక్కి వెనక్కి నడిచేవాడు తడబడి పడతాడు. పడకపోయినా, అడుగడుగుకీ కన్ను ఎగిరి బంతి అదురుతున్నట్టు కనబడుతుంది.

మీ న్యూజెర్సీ ఎడిసన్ చుట్టుపక్కల స్కూళ్ళలో ఎండాకాలమంతా క్రికెట్ ఆడే మన పిల్లలు బెంచ్ మీద ఉంటే వాళ్ళని తప్పకుండా పరీక్షించు. బౌండరీ దగ్గర ఎత్తైన క్యాచ్‌లు పట్టడం అలవాటైన పిల్లాడికి బంతి ఎక్కడ దిగుతుందో అంచనా ముందే ఉంటుంది, దూరం నుంచి విసరడమూ వచ్చు. వాడికి నేర్పాల్సినవి రెండే. ఒకటి, వట్టి చేతులతో కాక గ్లవ్‌తో, ముఖానికి ఎదురుగా, విసిరే భుజం వైపు పట్టడం. రెండోది, పట్టగానే ఏ బేస్‌కి విసరాలో ముందే తెలిసి ఉండటం. ఈ రెండోదానికే ఎక్కువ రోజులు పడతాయి.

ప్రాక్టీస్ క్యాచ్‌ల కోసం వాడే సన్నటి ఫంగో బ్యాట్‌తో నువ్వు కొట్టే బంతులు మొదటి నాలుగైదు రోజులకి సరిపోతాయి, ఆపైన వాటిమీదే ఆధారపడకు. ఫంగో బంతి వెనక్కి తిరుగుతూ నేరుగా, ఎత్తుగా వస్తుంది. ఎటు కొడతావో వాడికి ముందే తెలిసిపోతుంది. మ్యాచ్‌లో అలా రాదు. కుడిచేతి బ్యాటర్ లాగి కొట్టిన బంతి లెఫ్ట్‌లో ఫౌల్ లైన్ (మైదానం పక్క హద్దు గీత) వైపు వంగుతుంది, ఆలస్యంగా తగిలింది రైట్ ఫీల్డ్‌లో ఫౌల్ లైన్ వైపు జారుతుంది. రెండూ మైదానం మధ్య నుంచి బయటికే పోతాయి. అందుకని పక్క ఫీల్డర్లు తిన్నగా బంతి కనిపించిన చోటికి కాకుండా లైన్ వైపు ఒకటి రెండు అడుగులు ఎక్కువ వేసుకుని పరిగెత్తాలి. ఇది మాటలతో రాదు. రోజూ 20 నిమిషాలు నిజమైన బ్యాటర్ల బంతుల కింద నిలబడితేనే వస్తుంది.

గ్లవ్ సంగతి చాలామంది మరిచిపోతారు. ఇన్‌ఫీల్డ్ గ్లవ్ 11.5 అంగుళాల చుట్టుపక్కల ఉంటుంది, జేబు లోతు తక్కువ. అవుట్‌ఫీల్డ్‌కి 12.5 నుంచి 12.75 అంగుళాలది కావాలి. మూడు వారాల ముందు కొత్తది కొనిపిస్తే తోలు ఇంకా గట్టిగా ఉండి వేళ్ళు మూసుకోవు, బంతి గ్లవ్ అడుగు భాగానికి తగిలి బయటికి దూకుతుంది. దెబ్బ తగిలిన ఇద్దరి గ్లవ్‌లూ అరువు అడుగు. చెయ్యి కలిస్తే చాలు, మెత్తబడిన గ్లవ్ కన్నా మేలైంది లేదు.

ఇన్‌ఫీల్డ్ నుంచి వచ్చినవాడు పక్కనుంచి చెయ్యి తిప్పి విసురుతాడు. 90 అడుగుల్లో దానివల్ల నష్టం లేదు, 200 అడుగుల్లో బంతి పక్కకి వంగిపోయి మధ్యలో బంతి అందుకుని బేస్‌కి విసిరే కటాఫ్ మనిషికి మూడు గజాలు దూరంగా పడుతుంది. కుట్లకి అడ్డంగా నాలుగు కుట్లూ తిరిగేలా పట్టుకుని, చెయ్యి తలపైనుంచి తెచ్చి, ముందొక చిన్న గెంతు గెంతి విసరమను. గురి కటాఫ్ మనిషి తల ఎత్తు. బేస్ దాకా ఒక్క విసురులో చేర్చాలని ఎవణ్ణీ ప్రోత్సహించకు. మొదటి రెండు వారాలు రోజుకి 25, 30 గట్టి విసుర్లు దాటనివ్వకు. అలవాటు లేని చెయ్యి దూరం విసిరితే ముందు మోచెయ్యి, తర్వాత భుజం పట్టేస్తాయి, అప్పుడు నీకు మూడో గాయం తయారు. విసిరే బలం తక్కువగా ఉన్నంత కాలం షార్ట్‌స్టాప్, సెకండ్ బేస్ వాళ్ళు ఆ విసురు అందుకోవడానికి మామూలుకంటే 10 గజాలు ఎక్కువగా అవుట్‌ఫీల్డ్ వైపు వెళ్ళాలని ఇప్పుడే చెప్పు.

ఎవరు ఎటు? గట్టి చెయ్యి ఉన్నవాడు రైట్‌లో. అక్కణ్ణుంచి మూడో బేస్‌కి దూరం ఎక్కువ. బలహీనుణ్ణి రైట్‌లో దాచెయ్యాలనే పాత అలవాటు చిన్నపిల్లల లీగ్‌కి చెల్లుతుంది కానీ, మీ పిచ్చర్ వేగంగా వేసేవాడైతే ఎదుటివాళ్ళు ఆలస్యంగా బ్యాట్ తిప్పుతారు, కుడిచేతివాళ్ళ బంతులు ఎక్కువగా రైట్‌కే వస్తాయి. నెమ్మదిగా వేసేవాడి రోజున లెఫ్ట్‌కి పని ఎక్కువ. పిచ్చర్‌ని బట్టి ఇద్దర్నీ మార్చుకో. ఇద్దర్నీ మామూలు చోటు కన్నా నాలుగు అడుగులు వెనక నిలబెట్టు. ముందు పడిన బంతికి సింగిల్ (ఒక బేస్) పోతుంది, తలమీదుగా పోయినదానికి ట్రిపుల్ (మూడు బేస్‌లు). ముందుకి పరిగెత్తి పట్టడం కొత్తవాడికి కూడా వస్తుంది.

ఇక ఢీకొనడం. దీనికి ఒక రోజు పూర్తిగా కేటాయించు. 2005 ఆగస్టు 11న శాన్ డియేగో పెట్కో పార్క్‌లో న్యూయార్క్ మెట్స్ ఆటగాళ్ళు కార్లోస్ బెల్ట్రాన్, మైక్ క్యామెరన్ ఒకే బంతికి ఎదురెదురుగా దూకి గుద్దుకున్నారు. క్యామెరన్ ముఖంలో ఎముకలు విరిగి ఆ ఏడాది ఆట అక్కడితో ముగిసింది. అతను అసలు సెంటర్ ఫీల్డర్, బెల్ట్రాన్ వచ్చాక రైట్‌కి జరిగాడు. ఇద్దరూ ప్రతి బంతీ తమదే అనుకునే అలవాటున్నవాళ్ళు. మీ జట్టులో సెంటర్‌కి జరిగిన లెఫ్ట్ ఫీల్డర్‌కి ఇంకా ఆ అధికారం అలవాటు కాలేదు, పక్కన ఉన్నవాళ్ళకి అతని మాట వినే అలవాటు లేదు. కాబట్టి నియమం పెట్టు: సెంటర్ ఫీల్డర్ ‘నాది’ అని పిలిస్తే అందరూ తప్పుకోవాలి. అవుట్‌ఫీల్డర్ పిలిస్తే ఇన్‌ఫీల్డర్ తప్పుకోవాలి. పిలుపు ఒక్కసారి కాదు, మూడుసార్లు, గొంతు చించుకుని. పిలుపు బంతి పైకి వెళ్ళేటప్పుడు కాదు, దిగడం మొదలెట్టాక. పైకి వెళ్ళేటప్పుడు పిలిచినవాడికి గాలి ఎటు తీసుకుపోతుందో తెలియదు. తప్పుకున్నవాడు ఆగిపోకూడదు, బంతి వెనక్కి చుట్టి వెళ్ళాలి. ఇద్దరి మధ్యకి పడే బంతులు రోజుకి 10 కొట్టు, మిగతా జట్టంతా అరుస్తూ ఉండగా కొట్టు. నిశ్శబ్దంలో అందరూ బాగానే వింటారు.

గాయపడ్డ ఇద్దరి విషయానికొస్తే, గ్రేడ్ 2 హామ్‌స్ట్రింగ్‌కి నాలుగు నుంచి ఎనిమిది వారాలు వేసుకో. మొదటి మ్యాచ్‌కి వస్తాడన్న ఆశతో లైనప్ రాయకు. పదో రోజుకి మెల్లగా పరిగెత్తితే నొప్పి ఉండదు, వాడే వచ్చి బాగైపోయిందంటాడు, తల్లిదండ్రులూ అదే మాట అంటారు. ఆ కండరం మెల్లగా పరిగెత్తితే చిరగదు. పూర్తి వేగంలో కాలు ముందుకి చాచి నేలమీద ఆనించబోయే క్షణంలో చిరుగుతుంది. అందుకే స్కూల్ అథ్లెటిక్ ట్రైనర్ ఒప్పుకున్నాకే తిన్నగా 20 గజాలు సగం వేగంతో, తర్వాత 70 శాతం, తర్వాత 90, ఆపైన వంపు పరుగు, ఆపైన ఆగి తిరగడం. ఒక మెట్టు ఎక్కాక మర్నాడు పొద్దున నొప్పి లేకపోతేనే తర్వాతి మెట్టు. చివరి పరీక్ష ఎవరూ పెట్టరు, నువ్వు పెట్టు: చలిలో పది నిమిషాలు ఊరికే నిలబెట్టి, అప్పుడు ఒక్కసారిగా బంతి వెనక పరిగెత్తించు. అవుట్‌ఫీల్డర్ చేసేదే అది.

భుజం నొప్పి పిల్లాడికి విసరడం మొదలెట్టేది కూడా ట్రైనర్ చెప్పాకే. 45 అడుగుల నుంచి రోజు మార్చి రోజు, 25 విసుర్లు, ఐదు పది నిమిషాల విశ్రాంతి, మళ్ళీ 25. అది నొప్పి లేకుండా జరిగితే 60, 90, 120 అడుగులు, అలా పైకి. ఏ మెట్టులో నొప్పి వచ్చినా కిందికి దిగాలి. ఈలోగా డాక్టరు బ్యాట్ పట్టుకోనిస్తే వాణ్ణి డిజిగ్నేటెడ్ హిట్టర్‌గా, అంటే ఫీల్డింగ్ లేకుండా బ్యాటింగ్ మాత్రమే చేసేవాడిగా వాడు. బ్యాట్‌కి అనుమతి వేరు, ఫీల్డ్‌కి అనుమతి వేరు, రెండూ విడిగా రాయించుకో. 2016 ఏప్రిల్‌లో షికాగో కబ్స్ ఆటగాడు కైల్ ష్వార్బర్ ఫీనిక్స్‌లో సెంటర్ ఫీల్డర్‌తో ఢీకొని మోకాలి లిగమెంట్లు తెంచుకున్నాడు. అక్టోబరులో ఏడాది చివరి ఫైనల్ పోటీ అయిన వరల్డ్ సిరీస్‌కి తిరిగొచ్చాడు, కానీ బ్యాటింగ్‌కి మాత్రమే. క్లీవ్‌లాండ్‌లో డిజిగ్నేటెడ్ హిట్టర్‌గా ఆడించారు, షికాగోలో జరిగే ఆటల్లో అప్పట్లో ఆ వెసులుబాటు లేదు, ఫీల్డింగ్ తప్పదు కాబట్టి అక్కడ పించ్ హిట్టర్‌గానే, అంటే మరొకరి బదులు బ్యాట్ చెయ్యడానికే. ఆ జట్టు కప్పు గెలిచేటంత ఒత్తిడిలోనూ ఆ గీత దాటలేదు.

నియమాల పుస్తకంలో నీకు పనికొచ్చేవి రెండు ఉన్నాయి. హైస్కూల్ నియమాల్లో మొదట్నుంచీ ఆడిన ఆటగాడు బయటికి వచ్చి, తన బ్యాటింగ్ వరసలోనే ఒక్కసారి తిరిగి రావచ్చు. 2020 నుంచి ఫీల్డ్‌లో మొదలెట్టిన ఆటగాడినే డిజిగ్నేటెడ్ హిట్టర్‌గా కూడా రాయవచ్చు, తర్వాత ఫీల్డ్‌లో అతని చోట ఇంకొకడు నిలబడినా అతని బ్యాట్ ఉండిపోతుంది. అంటే బాగా కొట్టి అంతంతమాత్రంగా పట్టేవాణ్ణి లెఫ్ట్‌లో మొదలెట్టి, ముందంజలో ఉంటే ఐదో ఇన్నింగ్స్ నుంచి బాగా పట్టేవాణ్ణి పెట్టు. పోయినవాడికి సాటివచ్చే ఒక్కణ్ణి వెతకడం కన్నా ఇలా ముక్కలు కలపడమే మేలు. 2021 జులైలో అట్లాంటా బ్రేవ్స్‌కి రోనాల్డ్ అకూనా జూనియర్ మోకాలు పోయినప్పుడు వాళ్ళు చేసింది ఇదే. జాక్ పీడర్సన్, అడమ్ డువాల్, హోర్హే సోలేర్, ఎడ్డీ రొసారియోలని ఆ నెలలోనే తెచ్చుకున్నారు. రొసారియో వచ్చేటప్పటికి తనే గాయంతో ఉన్నాడు. లీగ్ ఫైనల్లో అతనూ, వరల్డ్ సిరీస్‌లో సోలేరూ ఉత్తమ ఆటగాళ్ళయ్యారు.

మిగిలిన ఒక్క ఆరోగ్యవంతుణ్ణి కాపాడుకో. ముగ్గురి పనీ వాడిమీద పడుతుంది, ప్రాక్టీస్‌లో ప్రతి బంతి వెనకా వాడే పరిగెడతాడు. వారానికి రెండు రోజులు బంతులు ఏరే పని నుంచి తప్పించు. మార్చి చలిలో మొదటి పూర్తి వేగం పరుగు ఆటలో రాకూడదు. ఒళ్ళు వేడెక్కాక, ఆట మొదలయ్యే ముందే 30 గజాల పరుగులు నాలుగు, వేగం పెంచుకుంటూ పరిగెత్తించు. ఇన్నింగ్స్ మధ్యలో బంతి విసురుకోవడం ముగ్గురికీ తప్పనిసరి చెయ్యి. తొడ వెనక కండరం కోసం మోకాళ్ళ మీద నిలబడి ముందుకి వాలే నోర్డిక్ వ్యాయామం మంచిదే, కానీ రెండు సెట్లు, ఐదేసి చాలు. అలవాటు లేనివాళ్ళకి రెండు రోజులు నొప్పులుంటాయి, మ్యాచ్ ముందురోజు పెట్టకు.

మీ మైదానమూ, ఎదుటివాళ్ళ మైదానమూ మ్యాచ్ ముందు కొత్త ఇద్దరితో కలిసి నడు. స్ప్రింక్లర్ మూతలు, గుంటలు, కంచెకి మెత్త ఉందో లేదో, గడ్డి అయిపోయిన చోటు నుంచి కంచె దాకా ఎన్ని అడుగులో వాళ్ళచేతే లెక్కపెట్టించు. సాయంత్రం నాలుగున్నరకి సూర్యుడు ఏ ఫీల్డర్ కళ్ళలో పడతాడో చూసి వాడికి నల్లద్దాలు ఇప్పించు, గ్లవ్‌తో ఎండ కప్పుకుని పక్కనుంచి బంతిని చూడటం నేర్పు.

పిచ్చర్లకి ఒక్క మాట చెప్పు: ఈ నెల బంతి కింద వెయ్యాలి, నేలమీద కొట్టించాలి. ఇన్‌ఫీల్డ్‌ని కదపొద్దన్నది అందుకు కూడా.

శనివారం స్క్రిమ్మేజ్ (ప్రాక్టీస్ మ్యాచ్) వీడియో పంపు. హోమ్ ప్లేట్ వెనక మెట్ల పైనుంచి తియ్యి, బంతి వెంట తిప్పకుండా ముగ్గురు అవుట్‌ఫీల్డర్లూ ఎప్పుడూ కనబడేలా పెట్టు. మొదటి అడుగులు చూసి లెఫ్ట్‌లో ఎవరో, రైట్‌లో ఎవరో ఆదివారం ఫోన్‌లో తేల్చుకుందాం.

నీ
మావయ్య