మొదటి 100 గంటల తనిఖీ చేయబోతున్న మేనల్లుడికి

చిరంజీవికి ఆశీస్సులు.

విమానం 100 గంటలు ఎగిరాక చేసే తనిఖీ మొదటిసారి నీ చేతికే ఇచ్చారని చదివి చాలా సంతోషించాను రా. చెక్‌లిస్టులో, మాన్యువల్‌లో ఉన్నవి మళ్లీ రాయను.

ఇంజిన్ మీది మూత, అదే కౌలింగ్, విప్పగానే తుడవడం మొదలుపెట్టకు. ముందు టార్చ్ వేసి ఆ మురికినే చూడు. ఆయిల్ ఎక్కణ్ణుంచి కారుతోందో, ఎగ్జాస్ట్ జాయింటు దగ్గర బూడిద రంగు చార ఎక్కడ పడిందో అప్పుడే తెలుస్తుంది. కడిగేస్తే ఆనవాళ్లు పోతాయి. ఎగ్జాస్ట్‌లో పగులు ఎంత చిన్నదైనా వదలకు. చాలా చిన్న విమానాల్లో హీటర్ గాలి మఫ్లర్‌ని చుట్టుకునే క్యాబిన్‌లోకి వస్తుంది. దాంతోపాటు కార్బన్ మోనాక్సైడ్ వస్తే వాసనే ఉండదు, పైలట్‌కి తెలిసేదెలా?

పాత ఆయిల్ ఫిల్టర్ని కోసి చూడకుండా పారేయకు. కట్టర్‌తో డబ్బా కోసి, కాగితం మడతలు విప్పి, ఎండలో పరిచి అటూ ఇటూ వంచు. తళుక్కుమన్నది లోహం. నల్లగా ఉండి, నలిపితే పొడయ్యేది కార్బన్. అయస్కాంతానికి అంటుకుంటే ఉక్కు, అంటే ఇంజిన్ వాల్వులను కదిపే క్యామ్ మీదో లిఫ్టర్ల మీదో అనుమానం పెట్టుకోవాలి. అంటుకోకపోతే అల్యూమినియం కావచ్చు, బేరింగు లోహం కావచ్చు. నాలుగు నలుసులు కనబడగానే కంగారు పడకు, కిందటిసారి కంటే పెరిగాయా అన్నదే చూడాలి. అందుకే ప్రతిసారీ కవర్లో వేసి, తేదీ, ఇంజిన్ గంటలు రాసిపెట్టు.

కీ జేబులో ఉన్నా ప్రొపెల్లర్‌ని నమ్మకు. ఇంజిన్‌లో నిప్పురవ్వ పుట్టించే మాగ్నెటోకి బ్యాటరీతో పనిలేదు. దాన్ని ఆపే గ్రౌండ్ వైరు తెగిందంటే స్విచ్ ఆఫ్‌లో ఉన్నా, చేత్తో కాస్త తిప్పితే చాలు ఇంజిన్ అందుకోవచ్చు. బ్లేడు అంచుకి గోరు తగిలే గంటు ఉంటే అక్కడే చీలిక మొదలవుతుంది. మాన్యువల్ ఇచ్చిన హద్దులో ఉంటే ఆకురాయితో బ్లేడు పొడవునా నునుపు చెయ్యి, దాటితే పక్కన పెట్టించు.

టైర్లు, బ్యాటరీ నీకు తెలిసినవే.

ఒకసారి ఇంధనపు గొట్టం నట్టు వేళ్లతో బిగించి, రెంచ్ అందుకునేలోపు ఎవరో పిలిస్తే లేచి వెళ్లాను. తిరిగొచ్చి పక్క నట్టు మొదలుపెట్టాను. నేల మీద ఇంజిన్ తిప్పినప్పుడు పెట్రోలు వాసన వచ్చింది కాబట్టి బయటపడ్డాను. ఆ రాత్రి నిద్రపట్టలేదు. అప్పటినుంచి మధ్యలో లేవాల్సివస్తే అక్కడ ఎర్రగుడ్డ కట్టి లేచేవాణ్ణి, వచ్చాక మూడు మెట్లు వెనక్కి వెళ్లి మొదలుపెట్టేవాణ్ణి. బిగించిన నట్టు మీద రంగు గీత పెట్టు.

ఐలరాన్ (రెక్క చివర కదిలే పలక) కేబుళ్లు విప్పి బిగిస్తే, పైలట్ చేతిలో ఉండే యోక్ ఎడమకు తిప్పినప్పుడు ఎడమ ఐలరాన్ పైకి లేస్తోందా లేదా చూడు. తారుమారుగా బిగించినా అది హాయిగానే కదులుతుంది. ఇంకొకరి చేత కూడా చూపించు.

విమానం త్వరగా కావాలని ఎవరు తలమీద నిలబడ్డా, చూడనిదానికి లాగ్‌బుక్‌లో సంతకం పెట్టకు.

ఈసారి ఫిల్టర్‌లో ఏం దొరికిందో పక్కన స్కేలు పెట్టి ఫొటో తీసి పంపు.

నీ మామయ్య