నెలకు 30 వేలు అద్దె వస్తుందంటే సరిపోతుందా?

ప్రశ్న: హైదరాబాద్ నల్లగండ్లలో 1,200 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూమ్ రీసేల్ ఫ్లాట్ 85 లక్షలు చెబుతున్నారు. 60 లక్షలు లోను తీసుకుని కొని, అద్దెకిద్దామనుకుంటున్నాం. 30 వేలు ఖాయంగా వస్తుందని ఏజెంటు అంటున్నాడు. కొనమంటారా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: ముందు లెక్క చూద్దాం. 30 వేల చొప్పున ఏడాదికి 3.6 లక్షలు. 85 లక్షల మీద 4.2 శాతం అని ఏజెంటు చెప్పేది ఇదే. కానీ మీ చేతి నుంచి పోయేది 85 లక్షలే కాదు. స్టాంపు డ్యూటీ, ట్రాన్స్‌ఫర్ డ్యూటీ, రిజిస్ట్రేషన్ ఫీజు కలిపి తెలంగాణలో 7.5 శాతం, అంటే 6.4 లక్షలకు దగ్గర. కమీషన్, రంగులు, రిపేర్లకు ఇంకో మూడు లక్షలు వేసుకోండి. మొత్తం 94 లక్షలు దాటుతుంది. అద్దెలోనేమో ఏడాదికో నెల ఖాళీ పోతుందనుకోవాలి. ఆస్తి పన్ను, చిల్లర మరమ్మతులకు 35 వేలు తీసేస్తే మిగిలేది 2.95 లక్షలు. అంటే 3.1 శాతం. 60 లక్షల లోనుకు 8.5 శాతం వడ్డీతో, 20 ఏళ్లకు ఈఎంఐ సుమారు 52 వేలు. ప్రతి నెలా 27 వేలకు పైగా మీ జీతంలోంచే కట్టాలి. అది మోయగలిగితేనే ముందుకు వెళ్లండి.

ఇక ఆ 30 వేలు నిజమేనా? ఆన్‌లైన్ ప్రకటనల్లో కనిపించేది ఓనరు అడిగే అద్దె, కుదిరిన అద్దె కాదు. అదే కమ్యూనిటీలో ఖాళీగా ఉన్న నాలుగైదు ఫ్లాట్లు రాసి పెట్టుకుని మూడు వారాల తర్వాత మళ్లీ చూడండి. ఇంకా ఖాళీగానే ఉంటే ఆ అద్దెకు ఎవరూ రావట్లేదన్నమాట. వాచ్‌మెన్‌ను, ఇప్పుడు అద్దెకుంటున్న ఇద్దరు ముగ్గురిని అడగండి. రాత్రి ఎనిమిదిన్నరకు వెళ్లి ఎన్ని ఫ్లాట్లలో లైట్లు వెలుగుతున్నాయో లెక్కపెట్టండి. మెయింటెనెన్స్ ఎంతో కూడా తెలుసుకోండి. అద్దెకొచ్చేవాళ్లు రెండూ కలిపే చూస్తారు కాబట్టి, మెయింటెనెన్స్ రెండు వేలు పెరిగితే అద్దె అంత మేర పెంచుకోలేరు. ఏప్రిల్, మే నెలల్లో ట్యాంకర్లకు ఎంత ఖర్చయిందో అసోసియేషన్ లెక్కల్లో చూపించమనండి. నీళ్లకు ఇబ్బందైతే మంచి కుటుంబాలు ఏడాది తిరక్కుండానే ఖాళీ చేస్తాయి.

చాలామంది వదిలేసే పని ఇంకొకటుంది. రియల్ ఎస్టేట్ ప్రాజెక్టులను నియంత్రించే సంస్థ తెలంగాణ రెరా. దాని వెబ్‌సైటులో నల్లగండ్ల, తెల్లాపూర్, గోపన్‌పల్లి చుట్టుపక్కల ప్రాజెక్టులు వెతికి, ఒక్కోదానిలో ఎన్ని ఫ్లాట్లు, పూర్తి చేయాల్సిన తేదీ ఎప్పుడు అన్నది ఒక కాగితం మీద రాయండి. వెయ్యి ఫ్లాట్లు ఒకే ఏడాది చేతికొస్తే కొత్త ఓనర్లంతా ఈఎంఐ కోసం దొరికిన అద్దెకే ఇచ్చేస్తారు. పాత ఫ్లాటుకు అద్దె పడిపోయేది సరిగ్గా అప్పుడే.

రేటు సరైనదో కాదో తేల్చడానికి ఆ కమ్యూనిటీలో ఈమధ్య అమ్ముడైన ఫ్లాట్ల ఈసీలు (ఆస్తి మీద జరిగిన రిజిస్ట్రేషన్ల వివరాలుండే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు) చూడండి. దస్తావేజులో అసలు ధర కంటే తక్కువ రాసుకునే అలవాటు ఉంది కనుక, బ్యాంకు లోనుతో కొన్నవాటి ధరనే ఎక్కువగా నమ్మండి. రిజిస్ట్రేషన్ శాఖ చూపే మార్కెట్ విలువ ప్రభుత్వం పెట్టినది, బయటి ధర కాదు. అమ్మే వ్యక్తి ఎన్నారై అయితే మామూలు 1 శాతం టీడీఎస్ (అమ్మేవాళ్లకిచ్చే సొమ్ములోంచి కొనేవాళ్లు పట్టుకుని కట్టే పన్ను) చాలదు. ఆడిటరును అడగకుండా అడ్వాన్స్ ఇవ్వొద్దు.

ప్రశ్న: మొత్తం డబ్బు ముందే కడితే సగం ధరకే ఫ్లాట్ అంటున్నారు. రెరా నంబరు తర్వాత వస్తుందట.
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కట్టొద్దు. రెరా రిజిస్ట్రేషన్ తప్పనిసరైన ప్రాజెక్టులో అది రాకముందు బుకింగులు తీసుకోవడమే చట్టవిరుద్ధం. వచ్చాక కూడా అమ్మకపు ఒప్పందం రిజిస్టర్ చేయకుండా 10 శాతానికి మించి తీసుకోకూడదు. రిజిస్టరైన ప్రాజెక్టులో కొనుగోలుదారుల సొమ్ములో 70 శాతం ప్రత్యేక ఖాతాలో ఉండాలి, దాన్ని ఆ స్థలానికి, ఆ నిర్మాణానికే వాడాలి. ముందే కట్టిన డబ్బుకు ఆ రక్షణ ఉండదు. అనుమతి రాకపోతే మీ చేతిలో మిగిలేది రసీదు ఒక్కటే. ఇప్పటికే కొంత కట్టి ఉంటే రసీదులు, వాట్సాప్ సందేశాలు, బ్యాంకు స్టేట్‌మెంట్ భద్రంగా పెట్టుకుని రెరాకు ఫిర్యాదు చేయండి.