ప్రకృతిని చూసి నేర్చుకున్న సైన్స్ పర్యావరణానికి నిజంగా మేలు చేసిందా? తామరాకుతో మా తిప్పలు

"ప్రకృతిని కాపీ కొట్టి సైన్స్ పర్యావరణ సమస్యలు తీర్చిందంటారు, నిజమేనా, లేక సెమినార్ల కోసం చెప్పే కబుర్లా?" అని అడిగారు. నిజమే, తీర్చింది. కాకపోతే అందరూ చెప్పే ఉదాహరణలతో కాదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారు కదా, నాకు ఆకు పట్టుకున్నాకే చేతులు కాలాయి.

ఇంజనీరింగ్ ఆఖరి ఏడాది ప్రాజెక్టు. సోలార్ ప్యానెల్ మీద దుమ్ము పడితే కరెంటు తగ్గుతుంది, కడగాలంటే నీళ్లు కావాలి, ఎండా దుమ్మూ బాగా ఉండే చోట సాధారణంగా లేనివే ఆ నీళ్లు. అందుకని తామరాకులా తనను తానే శుభ్రం చేసుకునే గాజు తయారు చేద్దామనుకున్నాం. తామరాకు మీద నీటిబొట్టు అని మనం ఎప్పటినుంచో అంటున్నా, ఎందుకు నిలవదో మైక్రోస్కోప్‌లో పట్టుకున్నది జర్మనీలోని బాన్‌లో పనిచేసిన వృక్షశాస్త్రవేత్త విల్‌హెల్మ్ బార్ట్‌లాట్. 1970లలో ఆయన రకరకాల ఆకులను ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కింద పెడుతుంటే నున్నటి ఆకులను ముందు కడగాల్సి వచ్చేది, గరుకువి మాత్రం ఎప్పుడు చూసినా శుభ్రంగానే ఉండేవి. ఆకు నిండా కంటికి కనపడని బొడిపెలు, వాటి మీద ఇంకా సన్నటి మైనపు నూగు. బొట్టు ఆ మొనల మీదే తేలుతుంది, దొర్లిపోతూ దుమ్మును కూడా తీసుకుపోతుంది. తామర మీద ఆయన పేరు మోగిపోయిన పేపరు 1997లో వచ్చింది.

మేం చేసిందల్లా ఒక స్ప్రే డబ్బా కొని గాజు మీద కొట్టడం. మొదటి రోజు అద్భుతం. దుమ్ము చల్లి నాలుగు చుక్కలు వేస్తే ముత్యాల్లా దొర్లి, వెళ్లిన దారంతా తుడిచిపెట్టాయి. మా గైడ్ పరుగున వెళ్లి పక్క డిపార్ట్‌మెంట్ వాళ్లను కూడా పిలుచుకొచ్చారు. రివ్యూ ముందురోజు టెన్షన్‌లో మా వాడొకడు మెరవాలని గుడ్డతో గట్టిగా తుడిచాడు, అంతే. మూడో వారానికల్లా నీళ్లు కదలకుండా కూర్చునేవి, గాజు పాలిపోయినట్టు మసకబారింది, స్ప్రే కొట్టని ప్యానెలే ఎక్కువ కరెంటు ఇచ్చింది! అప్పుడు తీరిగ్గా డబ్బా వెనక చదివితే అందులో ఉన్నది ఫ్లోరిన్ రసాయనం, కార్బన్-ఫ్లోరిన్ బంధం అంత తేలిగ్గా తెగదు కాబట్టి మట్టిలో నీళ్లలో ఏళ్ల తరబడి ఉండిపోయే రకం. నీళ్లు ఆదా చేద్దామని బయలుదేరి వాటిలోకే విషం వదిలే పని.

నా ఉద్దేశం ఇదే. మనం ఆకారాన్ని కాపీ కొడతాం, వంట పద్ధతిని మాత్రం వదిలేస్తాం. తామరాకు ఆ మైనాన్ని మామూలు ఎండలో, మామూలు నీళ్లతో చేసుకుంటుంది, అరిగిపోతే మళ్లీ ఊరించుకుంటుంది. మా గాజుకి ఆ రెండూ రావు.

ఇక సెమినార్లలో ప్రతివాడూ లకుముకి పిట్ట స్లైడు పెట్టేస్తాడు. జపాన్ బుల్లెట్ ట్రైన్ సొరంగం దాటేటప్పుడు పిడుగులా చప్పుడు వస్తుంటే ఎయిజీ నకత్సు అనే ఇంజనీరు ఆ పిట్ట ముక్కును చూసి రైలు ముక్కును మార్చాడు. తెలివైన పనే, కాదనను, కానీ ఎన్నిసార్లు వినాలి? జింబాబ్వే రాజధాని హరారేలో 1996లో కట్టిన ఈస్ట్‌గేట్ భవనం ఇంకో స్లైడు. చెదపుట్టలో వేడిగాలి పొగగొట్టంలోలా పైకి పోతూ కింద నుంచి చల్లగాలిని లాగుతుందనుకుని, అదే తీరులో చల్లదనం సాధించారంటారు. తర్వాత పుట్టలను పరిశీలించిన వాళ్లు అవి పనిచేసేది అలా కాదని, ఊపిరితిత్తుల్లా గాలిని మార్చుకుంటాయని తేల్చారు. భవనం మాత్రం బాగానే చల్లగా ఉంటుంది! తప్పు అర్థం చేసుకుని కూడా మంచి భవనం కట్టొచ్చన్నమాట. ఆ ముక్క ఏ స్లైడులోనూ ఉండదు.

నన్నడిగితే అసలైన ఉదాహరణ జిగురు. కొత్త ప్లైవుడ్ బీరువా తెరిస్తే కళ్లు మండుతాయే, అది జిగురులోని ఫార్మాల్డిహైడ్, క్యాన్సర్ కారకాల జాబితాలో ఉన్నదే. సముద్రపు ఆల్చిప్పలు అలలు బాదుతున్నా తడి బండను వదలవు, వాటి ప్రోటీన్ దారాలు అలా అతుక్కుంటాయి. అమెరికాలో ఓరెగాన్ స్టేట్ యూనివర్సిటీలో కైచాంగ్ లీ అది గమనించి సోయా ప్రోటీన్‌ను ఆ తీరుకి మార్చాడు. ఫార్మాల్డిహైడ్ కలపని ఆ జిగురు 2000 దశకంలోనే ప్లైవుడ్ ఫ్యాక్టరీల్లోకి వెళ్లింది. ఇక్కడ కాపీ కొట్టింది ఆల్చిప్ప ఆకారాన్ని కాదు, దాని వంటను. ఫొటోలో చూపించడానికి ఏమీ ఉండదు కాబట్టి కాబోలు, దీన్నెవరూ స్లైడులో పెట్టరు.

మా ప్రాజెక్టుకి మార్కులు బాగానే వచ్చాయి లెండి, మొదటి రోజు వీడియో పుణ్యమా అని. పోలికకి తెచ్చిన తామరాకు ఒకటి ల్యాబ్ కిటికీకి దారంతో వేలాడుతూ ఉండిపోయింది. కాలేజీ వదిలే రోజుకి ఎండి ముడుచుకుపోయింది. ఊరికే ఒక చుక్క వేసి చూశాను, జారి నేల మీద పడింది.