టైమింగ్ లైటును నమ్మే ముందు పుల్లీ మీది గుర్తును పరీక్షించండి

ప్రశ్న: నా దగ్గర కార్బురేటరు, డిస్ట్రిబ్యూటరు (ప్లగ్గులకు స్పార్క్ పంచే భాగం) ఉన్న పాత పెట్రోలు పికప్ ట్రక్కు ఉంది. కొన్ని నెలలుగా బరువు వేస్తే ఎత్తు ఎక్కలేకపోతోంది. ఇంజను త్వరగా వేడెక్కుతోంది, చీకట్లో బానెట్ ఎత్తి చూస్తే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఎర్రగా కాలి కనిపిస్తోంది. ప్లగ్గులు, ప్లగ్ వైర్లు, డిస్ట్రిబ్యూటర్ క్యాప్ కొత్తవి వేయించాను. టైమింగ్ లైటుతో చూసి, కంపెనీ చెప్పిన 10 డిగ్రీల మీదే (పిస్టన్ పైకి చేరడానికి అంత ముందు స్పార్క్ పడాలన్న లెక్క) కచ్చితంగా పెట్టించినా మార్పు లేదు. ఇంజను శబ్దాన్ని బట్టి డిస్ట్రిబ్యూటరును అడ్వాన్స్ వైపు, అంటే స్పార్క్ ఇంకా ముందుగా పడేలా, కొంచెం తిప్పితే మాత్రం బండి చక్కగా లాగుతోంది, కానీ అప్పుడు లైటులో 20 డిగ్రీలకు దగ్గరగా కనిపిస్తోంది. దేన్ని నమ్మాలి?

జవాబు: మీరు రాసిన లక్షణాలన్నీ స్పార్క్ ఆలస్యంగా పడుతోందనే చెబుతున్నాయి. స్పార్క్ ఆలస్యమైతే పిస్టన్‌ను కిందికి నెట్టవలసిన మంట ఆ పని పూర్తిచేయక ముందే ఎగ్జాస్ట్ వాల్వు తెరుచుకుంటుంది, మిగిలిన వేడి మానిఫోల్డ్‌లోకి పోతుంది. అందుకే అది ఎర్రబడుతుంది, బండికి లాగే శక్తి తగ్గుతుంది. స్పార్క్ మరీ ముందుగా పడుతూ ఉంటే బరువు మీద నాకింగ్ (కటకటమనే లోహపు శబ్దం) వినిపించేది, సెల్ఫ్ కొట్టినప్పుడు ఇంజను వెనక్కి తన్నేది. ఇంజను చెప్పేదీ లైటు చెప్పేదీ పొసగనప్పుడు నేను ముందు ఇంజను మాటే వింటాను. స్పార్క్ పడిన క్షణాన పుల్లీ మీది గుర్తు ఎక్కడుందో మాత్రమే టైమింగ్ లైటు చూపిస్తుంది, పిస్టన్ ఎక్కడుందో దానికి తెలియదు.

చాలా ఇంజన్లలో ఆ గుర్తు ఉండే డ్యాంపర్ పుల్లీ ఒకే ముక్క కాదు. క్రాంక్‌షాఫ్ట్‌కు బిగించిన లోపలి భాగానికీ, గుర్తు చెక్కిన బయటి రింగుకూ మధ్య రబ్బరు పొర ఉంటుంది. ఏళ్ల తరబడి వేడికీ నూనెకూ ఆ రబ్బరు పట్టు సడలితే రింగు కొన్ని డిగ్రీలు వెనక్కి జారుతుంది. రింగు 10 డిగ్రీలు జారి ఉంటే, లైటులో 10 అని కనిపించినప్పుడు నిజానికి స్పార్క్ సరిగ్గా పిస్టన్ పైకి చేరిన క్షణంలో, అంటే సున్నా దగ్గర, పడుతున్నట్టు. మీకు 20 దగ్గర బండి బాగా లాగడం ఈ లెక్కతో సరిపోతుంది. పుల్లీని పక్కనుంచి చూడండి. రబ్బరు పగిలినా, బయటికి ఉబ్బినా, రింగు వంకరగా తిరుగుతున్నా అనుమానం బలపడుతుంది.

నిర్ధారించుకోవడానికి బ్యాటరీ వైరు తీసి, ప్లగ్గులన్నీ విప్పి, పిస్టన్ కింద ఉన్నప్పుడు ఒకటో సిలిండరు ప్లగ్ రంధ్రంలో పిస్టన్ స్టాప్ (పిస్టన్‌ను పూర్తిగా పైకి చేరకుండా ఆపే పనిముట్టు) బిగించండి. స్పానరుతో క్రాంక్‌ను నెమ్మదిగా తిప్పి, పిస్టన్ ఆనగానే సున్నా సూచికకు ఎదురుగా పుల్లీ మీద సుద్దతో గీత పెట్టండి. తర్వాత రెండో వైపు తిప్పి, మళ్లీ ఆనిన చోట ఇంకో గీత పెట్టండి. ఆ రెండు గీతలకు సరిగ్గా నడిమధ్య ఉన్నదే నిజమైన టాప్ డెడ్ సెంటర్, అంటే పిస్టన్ పూర్తిగా పైకి చేరే స్థానం. కంపెనీ గుర్తు అక్కడ లేకపోతే పుల్లీ మార్చండి. రంగుతో కొత్త గుర్తు పెట్టుకుని నడిపేవారున్నారు కానీ, ఒకసారి జారిన రింగు మళ్లీ జారుతుంది, వేగంలో ఊడిపోయే ప్రమాదమూ ఉంది.

గుర్తు సరైనదేనని తేలితే టైమింగ్ చైను, అంటే వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్‌ను క్రాంక్‌తో కలిపి తిప్పే చైను, చూడాలి. డిస్ట్రిబ్యూటర్ క్యాప్ తీసి, క్రాంక్‌ను ఇంజను తిరిగే దిశలో కొంత తిప్పి ఆపండి. తర్వాత వెనక్కి తిప్పుతూ, క్యాప్ కింద తిరిగే రోటరు ఎప్పుడు కదులుతుందో మరొకరిని గమనించమనండి. క్రాంక్ 10 డిగ్రీలకు మించి కదిలాక గానీ రోటరు కదలకపోతే చైను సాగిందనే అనుకోవచ్చు, అయితే డిస్ట్రిబ్యూటరు గేరు అరుగుదల కూడా ఈ లెక్కలో కలిసే ఉంటుంది. ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. డిస్ట్రిబ్యూటరును తిప్పితే స్పార్క్ సరి అవుతుంది గానీ వాల్వుల సమయం సరి కాదు. క్రాంక్ స్ప్రాకెట్‌కు 20 పళ్లుంటే, చైను ఒక్క పన్ను దాటినా వాల్వులు క్రాంక్ లెక్కలో 18 డిగ్రీలు తప్పుతాయి. అప్పుడు సిలిండర్లన్నింటిలో కంప్రెషన్ ఇంచుమించు సమానంగా తగ్గుతుంది. ఐడిలింగ్‌లో సాధారణంగా 17 నుంచి 21 అంగుళాల (పాదరసం లెక్కలో) మధ్య ఉండే వాక్యూమ్ గేజ్ (ఇంజను గాలిని పీల్చే బలాన్ని కొలిచే మీటరు) ముల్లు వణక్కుండా కిందనే నిలుస్తుంది.

లైటు పెట్టేటప్పుడు వాక్యూమ్ అడ్వాన్స్ గొట్టం (ఇంజను పీల్పుతో స్పార్క్‌ను ముందుకు జరిపే ఏర్పాటుది) తీసి, దాని కొనను మూశారో లేదో కూడా అడగండి. ఇంజను వేగం పెంచినా గుర్తు కదలకపోతే డిస్ట్రిబ్యూటరు లోపలి అడ్వాన్స్ వెయిట్లు తుప్పు పట్టి బిగుసుకుని ఉంటాయి. ఈ పరీక్షలన్నీ అయ్యేదాకా 20 దగ్గర పెట్టి బరువు లాగించకండి. క్యాబిన్‌లోకి వినిపించని నాకింగ్ కూడా పిస్టన్లను పాడుచేస్తుంది.

ప్రశ్న: మా కొత్త తరం పికప్‌లో ఇంజను కంప్యూటరు చూపే పి0016 లోపం కోడ్ వచ్చింది. క్యామ్ సెన్సార్ మార్చినా పోలేదు. క్రాంక్ సెన్సార్ కూడా మార్చాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. క్రాంక్, క్యామ్ సంకేతాలు ఒకదానితో ఒకటి సరిపోవడం లేదన్నదే ఆ కోడ్ అర్థం, సెన్సారు చెడిందని కాదు. ముందు ఆయిల్ మట్టం, గ్రేడ్ చూడండి. వాల్వ్ టైమింగ్‌ను మార్చే యంత్రాంగం ఆయిల్ ఒత్తిడితోనే పనిచేస్తుంది కాబట్టి, దాని సొలెనాయిడ్ (ఆయిల్‌ను నియంత్రించే విద్యుత్ వాల్వు) జాలీలో మడ్డి చేరినా ఇదే కోడ్ రావచ్చు. చల్లని ఇంజను స్టార్ట్ చేయగానే ముందు భాగంలో కొన్ని సెకన్లు గలగల వినిపిస్తే చైనును బిగువుగా ఉంచే టెన్షనరో చైనో అరిగినట్టే. అప్పుడు బండి నడపడం ఆపి కవరు విప్పించండి. చైను ఇంకా జారితే కొన్ని ఇంజన్లలో పిస్టన్లు వాల్వులకు తగులుతాయి. విప్పేటప్పుడు క్రాంక్‌ను ఇంజను తిరిగే దిశలోనే తిప్పమని చెప్పండి, వెనక్కి తిప్పితే వదులైన చైను అక్కడికక్కడే పన్ను దాటవచ్చు.