పొడి సంగతి వదిలేసి ముందు మీ అమ్మతో మాట్లాడండి

అనంతపురం నుంచి ఒకామె రాశారు, పేరు వద్దన్నారు. ప్రొద్దుటూరులో ఆమె తమ్ముడు, 31 ఏళ్లు, బంగారం అంగట్లో పని చేసేవాడు, తాగి తాగి ఆ పని పోయింది, పెళ్లాం బిడ్డనెత్తుకుని ఎర్రగుంట్లలో పుట్టింటికి పోయింది, ఇప్పుడు అమ్మ దగ్గరే పడి ఉంటున్నాడు. "తెలియకుండా సాంబార్లో కలిపితే తాగుడు మాన్పించే పొడి ఆన్‌లైన్‌లో చూశాను మేడం, తెప్పించమంటారా" అనేది ప్రశ్న.

వద్దమ్మా. ఆ డబ్బాలో ఏముందో అమ్మేవాడికే తెలియాలి. డాక్టర్లు ఇచ్చే డైసల్ఫిరామ్ అనే మాత్ర ఒకటుంది, అది వేసుకున్నోడు మందు ముడితే మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతులు, బీపీ పడిపోయి ప్రాణం మీదకే రావచ్చు, అందుకే ఆ మనిషికి చెప్పి ఒప్పుకుంటేనే ఇస్తారు. ఆ డబ్బాలో అట్లాంటిదే ఉంటే? పొడి సంగతి ఇంతే.

నన్ను ఆపిన లైను వేరే. "మా ఆయనకు తెలియకుండా నెలకు ఎనిమిది వేలు అమ్మకు ఫోన్‌పే చేస్తా, అమ్మ అందులోంచి సాయంత్రం వాడికి రెండొందలు ఇస్తుంది, ఇవ్వకపోతే వీధిలో అరిచి పరువు తీస్తాడు" అని రాసి, ఏమీ లేనట్టు తర్వాతి మాటకి వెళ్లిపోయారు. ఆ క్వార్టర్ కొనిస్తున్నది మీరే కదమ్మా! వాడు అరవకపోతే చాలు అమ్మకి, అమ్మ ఏడవకపోతే చాలు మీకు, మీ ఇద్దరి మధ్య ఈ ఒప్పందం నడిచినన్నాళ్లు వాడికి మానాల్సిన అవసరం ఏమొచ్చింది? తల్లిని చూసుకోవడం బాధ్యతే, నేను కాదనను, ఆమె భయానికి నెలనెలా కప్పం కట్టడం మాత్రం బాధ్యత కాదు.

ఇంకోటి, ఉగాదప్పుడు అమ్మ వాడిని గదిలో పెట్టి గొళ్లెం వేస్తే మూడో రోజుకి చేతులు వణికిపోతూ గోడ మీద లేని పురుగుల్ని ఏరుతూ కూర్చున్నాడని, గాలి సోకిందని తాయెత్తు కట్టించారని రాశారు. రోజూ తాగేవాడికి ఒక్కసారిగా మందు ఆపితే రెండు మూడు రోజుల్లో అట్లా కావచ్చు, ఫిట్స్ రావచ్చు, ప్రాణాలు పోయినోళ్లున్నారు. ఆస్పత్రిలో మందులిచ్చి చూసుకోవాల్సిన పని అది. మళ్లీ గొళ్లెం పెట్టొద్దని ఈరోజే చెప్పండి. మీ ఇంట్లోనే ఇట్లా అనుకోకండి, 2019లో వచ్చిన ఎయిమ్స్ వాళ్ల దేశవ్యాప్త సర్వేలో తాగుడుకి బానిసైన 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందిందని తేలింది.

వాడు ససేమిరా రానంటే ఎట్లా అంటారు. అట్లా మొండికేసినోళ్ల కుటుంబాల మీదే అమెరికాలో న్యూమెక్సికోలో ఒక రీసెర్చ్ జరిగింది, 1999లో వచ్చింది, ఇళ్లవాళ్లు 130 మందిని మూడు గుంపులు చేసి ఒక్కో గుంపుకి ఒక్కో పద్ధతి నేర్పారు. వాడిని వాడి మానాన వదిలి మీ మనసు మీరు చూసుకోండన్న గుంపులో వందకి 13 మంది తాగేవాళ్లు ట్రీట్‌మెంట్‌కి వచ్చారు, అందరూ చేరి నిలదీయమన్న గుంపులో 30 (మనోళ్ల పంచాయితీ లాంటిదే, అంతదాకా చాలామంది పోలేకపోయారు), క్రాఫ్ట్ అనే పద్ధతి నేర్పిన గుంపులో 64. అందులో చేసేదేంటంటే తాగని పూట పక్కన కూర్చోబెట్టుకుని తినబెట్టి మంచిగా మాట్లాడతారు, తాగొచ్చిన పూట మాటా లేదు డబ్బూ లేదు, కక్కింది వాడే కడుక్కోవాలి, తన మీద తనకే రోత పుట్టిన గంట చూసి ఆస్పత్రి మాట ఎత్తుతారు. భార్యలు ప్రయత్నించిన ఇళ్లకంటే తల్లిదండ్రులు ప్రయత్నించిన ఇళ్లలోనే ఎక్కువమంది వచ్చారట. అందుకే మీ అమ్మనంటున్నా.

ముందు ఆమెను కడప రిమ్స్‌లో సైకియాట్రీ ఓపీకి పిలుచుకుపోండి, వాడు రాకపోయినా సరే, రెండొందల సంగతితో సహా అన్నీ చెప్పించండి. వెళ్లేలోపు ఏమైనా అడగాలంటే 14446కి ఫోన్ చేయండి, ఫ్రీ. డాక్టర్ చెప్పాకే ఆ రెండొందలు ఆపండి, ముందే ఆపితే మళ్లీ ఉగాది కథే. ఆ తర్వాత అమ్మ ఖర్చులు కిరాణా అంగడికి, మెడికల్ షాపుకి మీరే నేరుగా కట్టండి. మీ ఆయనకి కూడా చెప్పేయండి, ఓ నాలుగు రోజులు అలుగుతాడేమో, అలగనీయండి.

మరదలి గురించి "దాని అడుగు మంచిది కాదు" అన్న అమ్మ మాటనే మీరూ రాశారు, నాకు అస్సలు నచ్చలేదు. బిడ్డను తీసుకుని బయటపడింది, మంచి పని చేసింది. ఫోన్ చేయండి, కాపురానికి రమ్మని మాత్రం అడగొద్దు, బిడ్డ స్కూలు ఫీజు కట్టారా లేదా కనుక్కోండి.